అట్లాంటిక్ అడుగు బురద చెప్పే సంగతి

భూమంతా వేడెక్కుతుంటే గ్రీన్‌లాండ్‌కి దక్షిణాన ఉన్న ఒక సముద్రం ముక్క మాత్రం గత వందేళ్లలో చల్లబడింది. అక్కడికి వేడిని మోసుకొచ్చే ప్రవాహం నీరసపడిందేమోనని చాలామంది అనుమానం, కాదు గాలులు, మేఘాల వల్ల అనేవాళ్లూ ఉన్నారు.

ఆ ప్రవాహం పేరు అమాక్ (AMOC, అట్లాంటిక్‌లో పైన ఉత్తరానికి, కింద దక్షిణానికి తిరిగే ప్రవాహానికి ఇంగ్లీషు పొట్టి పేరు). గాలి పాత్ర ఉంది కానీ అసలు కీలకం ఉప్పు దగ్గరే ఉంది. వెచ్చటి నీళ్లు ఉత్తరానికి పోతూ పోతూ కొంత ఆవిరైపోయి మిగిలింది ఇంకా ఉప్పెక్కుతుంది, ఐస్‌లాండ్ వైపు చేరాక చలికి బరువెక్కి కిందికి మునిగి, కిలోమీటర్ల లోతులో మళ్లీ దక్షిణానికి వచ్చేస్తుంది. సెకనుకి దాదాపు 1.7 కోట్ల ఘనపు మీటర్లు, ప్రపంచంలో నదులన్నీ కలిపినా ఇందులో పదో వంతు రావు!

మరి మంచు కరిగి మంచినీళ్లు వచ్చి పడితే? ఉప్పు పలచబడి నీళ్లు మునగవు, ప్రవాహం తగ్గుతుంది, తగ్గితే దక్షిణం నుంచి వచ్చే ఉప్పూ తగ్గుతుంది, దాంతో ఇంకా తగ్గుతుంది. హెన్రీ స్టామెల్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త 1961లోనే సముద్రాన్ని రెండు డబ్బాల నీళ్లుగా ఊహించి వేసిన లెక్కతో ఇది చూపించాడు.

నిజంగానే జరిగింది కూడా. సుమారు 17 వేల ఏళ్ల కిందట ఉత్తర అమెరికా మంచు పలకల నుంచి విరిగిన మంచుకొండలు గుంపులుగా వచ్చి అట్లాంటిక్‌లో కరిగాయి. బెర్ముడా దగ్గర సముద్రం అడుగు బురదని గొట్టాలతో తీసి చూశారు. సముద్రపు నీళ్లలోని యురేనియం నుంచి థోరియం, ప్రొటాక్టీనియం అనే మూలకాలు ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో పుడతాయి, థోరియం త్వరగా మట్టి రేణువులకి అంటుకుని అక్కడే కిందపడిపోతుంది, ప్రొటాక్టీనియం వందేళ్లకి పైనే నీళ్లలో ఉంటుంది కాబట్టి ప్రవాహం జోరుగా ఉంటే దక్షిణానికి కొట్టుకుపోతుంది. ఆ కాలం పొరలో మాత్రం రెండూ దాదాపు పుట్టిన నిష్పత్తిలోనే అక్కడే పడి ఉన్నాయి. అంటే మోసుకెళ్లేది ఇంచుమించు ఆగిపోయిందన్నమాట. ఎంత తెలివైన పద్ధతో కదా!

మనకేంటి అంటారా, ఉత్తరం చల్లబడితే భూమధ్యరేఖ దగ్గరి వాన పట్టీ దక్షిణానికి జరుగుతుంది, అదే కాలంలో మన రుతుపవనాలు బలహీనపడ్డ ఆనవాళ్లు అరేబియా సముద్రం బురదలో ఉన్నాయి.

2004 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంబడి సముద్రం అడుగుకి కట్టిన తీగలకి పరికరాలు తగిలించి నేరుగా కొలుస్తున్నారు, ఏడాదికేడాది ఒడిదుడుకులు ఎక్కువ కాబట్టి గట్టిగా తేల్చడానికి ఈ రికార్డు ఇంకా చిన్నదే. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021 రిపోర్ట్ ప్రకారం ఈ శతాబ్దంలో అమాక్ బలహీనపడే అవకాశం చాలా ఎక్కువ, 2100 లోపు ఒక్కసారిగా కూలిపోకపోవచ్చు, ఈ రెండోదాని మీద వాళ్లకున్నది ఓ మోస్తరు నమ్మకమే. యూరప్ రేపే గడ్డకట్టిపోతుందనే థంబ్‌నెయిళ్లు చూసినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, ఏమీ కాదులే అని కొట్టిపారేసేవాళ్లకీ ఇదే చెప్పండి.