పాత మిలిటరీ బకిల్ చేతికొస్తే ముందు వెనక్కి తిప్పండి

పాత మిలిటరీ బెల్టులూ బకిల్సూ సేకరించడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ముందువైపున్న గద్దనో కిరీటాన్నో చూసి మురిసిపోతారు, అనుభవం ఉన్నవాళ్ళు మాత్రం చేతిలోకి రాగానే వెనక్కి తిప్పుతారు, ఎందుకంటే అదెలా తయారైందో తెలిసేది అక్కడే.

అమెరికా సివిల్ వార్ (1861-65)లో యూనియన్ (ఉత్తరాది ప్రభుత్వపక్షం) సైనికులు పెట్టుకున్న కోలగా ఉండే 'యూఎస్' బకిల్నే తీసుకోండి. పల్చటి ఇత్తడి రేకుని డై (గట్టి లోహపు అచ్చు)తో నొక్కి అక్షరాలు పైకి లేపి, వెనక పడ్డ గుంతలో సీసం కలిసిన సోల్డర్ కరిగించి పోసేవాళ్ళు, కొక్కేలు ఆ సోల్డర్‌లోనే దిగి ఉంటాయి. ఇన్నేళ్ళకి ఆ సీసం మీద మసకగా, తెలుపూ గోధుమరంగూ కలిసిన పొర కడుతుంది, అది తళతళా మెరుస్తుంటే అనుమానించాల్సిందే.

నకిలీ చేసేవాళ్ళు చాలాసార్లు అసలు బకిల్‌తోనే అచ్చు తీసి ఇత్తడి పోత పోస్తారు. ఇత్తడి చల్లారేటప్పుడు సుమారు ఒకటిన్నర శాతం కుంచించుకుపోతుంది, అంటే 80 మిల్లీమీటర్ల బకిల్ కాపీలో ఒక మిల్లీమీటరు పైనే తగ్గుతుంది, కాలిపర్‌తో కొలిస్తే దొరికిపోతుంది, అక్షరాల అంచులు మొద్దుబారి సన్నటి గుంటలు కూడా కనిపిస్తాయి. అలాగని పోత కనబడగానే నకిలీ అనేయకండి, అదే యుద్ధంలో యూనియన్‌తో పోరాడిన దక్షిణాది కాన్ఫెడరేట్ వాళ్ళ బకిల్స్‌లో చాలావరకు అసలువే పోత పోసినవి!

లోహం కూడా కాలం చెబుతుంది. జర్మనీలోని ప్రష్యా రాజ్యపు సైనికుల 'గాట్ మిట్ ఉన్స్' (దేవుడు మాతో ఉన్నాడు) అని రాసి ఉండే బకిల్ 1847 నుంచి ఇత్తడిదే, మొదటి ప్రపంచ యుద్ధంలో రాగికి కరువొచ్చి, ఉన్న ఇత్తడంతా ఫిరంగి గుళ్ళ తొడుగులకి పోయి, 1915 నుంచి బూడిదరంగు పెయింట్ వేసిన ఉక్కు బకిల్స్ వచ్చాయి.

ఇక చిలుము. తోలు తాకేచోట ఇత్తడి మీద మైనంలాంటి పచ్చటి జిగట పేరుకుంటుంది, తోలులోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి అలా తయారవుతాయి. మెత్తటి చెక్కపుల్లతో నెమ్మదిగా గీకితే వచ్చేస్తుంది. అమోనియా ఉన్న పాలిష్ మాత్రం దయచేసి వాడొద్దు. బ్రిటిష్ ఇండియాలో వానాకాలం నిల్వ చేసిన ఇత్తడి తూటా తొడుగులు వాటంతటవే పగిలిపోయేవి, ఒత్తి తయారుచేసిన ఇత్తడిలో మిగిలిపోయే ఒత్తిడికి అమోనియా తోడైతే పగుళ్ళొస్తాయని 1921లో తేల్చారు, డైతో నొక్కిన బకిల్‌లో కూడా అదే రకం ఒత్తిడి ఉండొచ్చు.

నాకు ఎక్కువ బెంగ తోలు గురించే. చెట్టు బెరడు రసంతో పదును చేసిన పాత తోలు గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ పీల్చుకుని, లోపల ఆమ్లం తయారై, ముట్టుకుంటే చాలు ఎర్రటి పొడిలా రాలుతుంది, నూనె రాసినా బాగుపడదు. అలాంటి బెల్టుని చుట్టకుండా, వంచకుండా, ఆమ్లం లేని కాగితం మీద చదునుగా పెట్టి, బకిల్‌కీ తోలుకీ మధ్య ఓ పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ దూర్చి ఉంచాలి.