ఒకే సినిమా, సగం యూనిట్ బ్లాక్‌లిస్టులో

1947లో వచ్చిన 'బాడీ అండ్ సోల్' బాక్సర్ కథతో తీసిన నోయిర్ (నేరం, నైరాశ్యం నిండిన చీకటి ధోరణి) సినిమా. క్లైమాక్స్ ఫైట్ కోసం కెమెరామన్ జేమ్స్ వాంగ్ హౌ కాళ్లకు రోలర్ స్కేట్లు కట్టుకుని, కెమెరా చేత్తో పట్టుకుని రింగులోకి దిగాడు. ఎడిటింగ్‌కు ఆస్కార్ వచ్చింది. హీరో జాన్ గార్‌ఫీల్డ్‌కు నామినేషన్ దక్కింది. అయిదారేళ్లు తిరిగేసరికి ఆ యూనిట్‌లో చాలామందికి హాలీవుడ్‌లో పని లేకుండా పోయింది.

అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి హాలీవుడ్‌లో కమ్యూనిస్టులెవరో తేలుస్తానంటూ 1947 అక్టోబరులో విచారణ పెట్టింది. సమాధానం చెప్పబోమన్న పదిమంది రచయితలు, దర్శకులు చివరికి జైలుకెళ్లారు. నవంబరులో స్టూడియో పెద్దలు న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో సమావేశమై ఆ పదిమందికి పనివ్వబోమని తీర్మానించారు. పనివ్వకూడనివాళ్ల జాబితా, అంటే బ్లాక్‌లిస్టు, ఇలా మొదలైంది. చట్టం అడగలేదు, కోర్టు చెప్పలేదు. టికెట్లు తెగవేమోనన్న భయంతో యజమానులు తమంతట తామే తీసుకున్న నిర్ణయమిది. నా దృష్టిలో అసలు తప్పు ఇక్కడే జరిగింది. కమిటీ బెదిరించగలదు గానీ, పని తీసేసే చెయ్యి మాత్రం స్టూడియోదే.

1950 జూన్‌లో 'రెడ్ ఛానెల్స్' అనే చిన్న పుస్తకం కమ్యూనిస్టులతో సంబంధాలున్నాయంటూ 151 మంది పేర్లు అచ్చేసింది. వాళ్లు ఏ సభకు వెళ్లారు, ఏ పిటిషన్ మీద సంతకం పెట్టారు, అన్నీ అందులో రాశారు. గార్‌ఫీల్డ్ పేరూ ఉంది. న్యూయార్క్‌లో పేద యూదు కుటుంబంలో పుట్టి, గ్రూప్ థియేటర్ అనే న్యూయార్క్ నాటక బృందంలో నటన నేర్చుకున్నవాడు. అతను కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు కాదు. 1951 ఏప్రిల్‌లో కమిటీ ముందు కూర్చుని, తనకు కమ్యూనిజం గిట్టదన్నాడు. పేర్లు మాత్రం ఒక్కటీ చెప్పలేదు. 'నేను కాదు' అంటే సరిపోదు, 'ఫలానావాడు అవును' అనాలి, అదీ అప్పటి లెక్క. అంతటితో సినిమాలు ఆగిపోయాయి. ఆ ఏడాది విడుదలైన 'హీ రాన్ ఆల్ ది వే' అతని ఆఖరి సినిమా. దాని స్క్రిప్టులో చెయ్యి ఉన్న డాల్టన్ ట్రంబో జైలుకెళ్లిన పదిమందిలో ఒకడు కాబట్టి టైటిల్స్‌లో అతని పేరు పడలేదు.

గార్‌ఫీల్డ్ మళ్లీ నాటకాలకు వెళ్లాడు. 1952 మే 21న గుండెపోటుతో పోయాడు, 39 ఏళ్లకే. 'బాడీ అండ్ సోల్'లో పాత బాక్సర్‌గా వేసిన నల్లజాతి నటుడు కెనడా లీ అంతకు పన్నెండు రోజుల ముందు చనిపోయాడు. అతనికీ పని దొరకడం గగనమైపోయింది అప్పటికే. తల్లి వేషం వేసిన ఆన్ రెవీర్ ఆస్కార్ గెలిచిన నటి. దాదాపు 20 ఏళ్లు తెరమీద కనబడలేదు. ప్రమోటర్‌గా నటించిన లాయిడ్ గాఫ్ కథ మరీ విడ్డూరం. 1952 నాటి 'రాంచో నటోరియస్'లో విలన్ అతనే, సినిమా నిండా కనిపిస్తాడు, టైటిల్స్‌లో మాత్రం లేడు. ఆర్‌కేవో స్టూడియో అధిపతి హోవార్డ్ హ్యూస్ తీసేయించాడు.

'బాడీ అండ్ సోల్' దర్శకుడు రాబర్ట్ రాసెన్ 1951లో కమిటీకి పేర్లు చెప్పలేదు. రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాక 1953లో వెళ్లి యాభైకి పైగా పేర్లు చెప్పాడు. పని దొరికింది. రచయిత అబ్రహాం పొలాన్‌స్కీ చెప్పలేదు. 1948లో గార్‌ఫీల్డ్‌తోనే 'ఫోర్స్ ఆఫ్ ఈవిల్' తీసిన ఈయన పేరు మళ్లీ దర్శకుడిగా తెరమీద పడింది 1969లో.

గ్రూప్ థియేటర్‌లో గార్‌ఫీల్డ్‌తో కలిసి పనిచేసి, 1952లో పాత సహచరుల పేర్లు కమిటీకి ఇచ్చిన దర్శకుడు ఎలియా కజాన్‌కు 1999లో గౌరవ ఆస్కార్ ప్రకటించారు. బాహాటంగా వ్యతిరేకించినవాళ్లలో ఎనభై ఎనిమిదేళ్ల పొలాన్‌స్కీ ఉన్నాడు. వేడుకలో కొందరు లేచి చప్పట్లు కొట్టారు, కొందరు చేతులు కట్టుకుని కుర్చీల్లోనే కూర్చున్నారు.