సోబోస్లాయ్‌ని తయారు చేసింది ఎవరు?

2025 నవంబరు 16న బుడాపెస్ట్‌లోని పుష్కాష్ అరేనాలో జరిగిన ప్రపంచ కప్ ఫుట్‌బాల్ అర్హత మ్యాచ్‌లో హంగరీకి డ్రా చాలు. ఐర్లాండ్‌పై 2-1 ఆధిక్యం కూడా చేతిలో ఉంది. 80వ నిమిషంలో ఐర్లాండ్ ఆటగాడు ట్రాయ్ పారట్ స్కోరు సమం చేశాడు. 96వ నిమిషంలో అతనే మూడో గోల్ కొట్టాడు. 1986 తరువాత మళ్లీ ఒక ప్రపంచ కప్ ఆడాలన్న హంగరీ ఆశ ఆ ఒక్క క్షణంలో తుడిచిపెట్టుకుపోయింది. కెప్టెన్ డొమినిక్ సోబోస్లాయ్ మైదానంలోనే కన్నీళ్లు పెట్టుకున్నాడు.

దానితో సద్దుమణిగిందనుకున్న పాత వివాదం మళ్లీ రాజుకుంది. పదిహేనేళ్లుగా ప్రభుత్వం ఫుట్‌బాల్ మీద కుమ్మరించిన సొమ్ముకు ఫలితం ఎక్కడ? విచిత్రం ఏమిటంటే ఈ వాదనలో రెండు పక్షాలూ ఒకే సాక్షిని పిలుస్తాయి. అంత ఖర్చు పెట్టాం కాబట్టే సోబోస్లాయ్ వంటివాడున్న జట్టు తయారైందని ఒకరు అంటారు. అంత ఖర్చు పెట్టినా ఆ స్థాయి ఆటగాడు ఒక్కడే వచ్చాడని, అతనూ మీరు వేసిన దారిలో రాలేదని రెండోవారు అంటారు. రెండోవారి మాటలోనే బలం ఎక్కువ. ఎందుకో తెలియాలంటే 2017కు వెళ్లాలి.

1950ల నాటి దిగ్గజం ఫెరెంత్స్ పుష్కాష్ తరం గొప్పతనం, 1954 ప్రపంచ కప్ ఫైనల్ ఓటమి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. ఆ తరం చెదిరిపోయాక కూడా హంగరీ ఎంత గట్టి జట్టో గుర్తుచేసే సంగతి మనవైపే ఒకటుంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌కు చెందిన రహీం సాబ్ శిక్షణలోని భారత జట్టు హంగరీ చేతిలో 1-2 తేడాతో ఓడింది. భారత్ కొట్టిన ఆ ఒక్క గోల్ సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాంది. ఆనాడు హంగరీతో అంత దగ్గరగా ఆడి ఓడటమే ఘనతగా చెప్పుకున్నారు.

ఇప్పటి వివాదానికి వస్తే, దాని భూగోళం చాలా చిన్నది. బుడాపెస్ట్‌కు నైరుతి దిక్కున ఫెయేర్ అనే జిల్లా ఉంది. జిల్లా కేంద్రం సేకెష్‌ఫెహేర్వార్. 2010లో మళ్లీ ప్రధాని అయి ఈ ఖర్చుకు తెరతీసిన విక్టర్ ఓర్బాన్ 1963లో పుట్టింది ఆ నగరంలోనే, సోబోస్లాయ్ 2000 అక్టోబరు 25న పుట్టిందీ అక్కడే. ఓర్బాన్ బాల్యం గడిచిన ఫెల్చూత్ గ్రామం అదే జిల్లాలో ఉంది. రెండు వేల మంది కూడా లేని ఆ ఊరిలో పుష్కాష్ పేరిట ఫుట్‌బాల్ అకాడమీ వెలిసింది. 2014లో దాని పక్కనే సుమారు 3,800 మంది పట్టే పాంచో అరేనా లేచింది. ఊళ్లోని జనమంతా వచ్చి కూర్చున్నా సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

ఇలాంటివాటికి డబ్బు సమకూర్చే ఏర్పాటు 2011లో వచ్చింది. కంపెనీలు తమ కార్పొరేట్ పన్నులో కొంత భాగాన్ని ఖజానాకు కట్టే బదులు నేరుగా క్రీడా క్లబ్బులకు ఇవ్వవచ్చు. దీన్ని అక్కడ పొట్టిగా ‘టావ్’ అంటారు. ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్, వాటర్ పోలో, ఐస్ హాకీ క్లబ్బులు దీని కిందికి వచ్చాయి. ఏ కంపెనీ ఏ క్లబ్బుకు ఎంత ఇచ్చిందన్నది చాలా కాలం గుట్టుగానే ఉంది. ఇది ప్రజాధనమేనని చివరికి హంగరీ అత్యున్నత న్యాయస్థానం తేల్చాల్సి వచ్చింది.

ఫెల్చూత్‌లో అకాడమీ రూపుదిద్దుకుంటున్న రోజుల్లోనే సేకెష్‌ఫెహేర్వార్‌లో ఒక మాజీ ఆటగాడు తన కొడుకు కోసం, ఆ ఈడు పిల్లల కోసం ఫోనిక్స్ గోల్డ్ అనే చిన్న క్లబ్బును నిలబెట్టే పనిలో ఉన్నాడు. ఆయన జోల్ట్ సోబోస్లాయ్, డొమినిక్ తండ్రి. టావ్ చట్టం ఇంకా పుట్టనేలేదు. ఆయన పద్ధతులు మొండివి. డ్రిబ్లింగ్ చేసేటప్పుడు పిల్లల రెండు చేతుల్లో గోల్ఫ్ బంతులు పెట్టేవాడట, అవతలివాడి చొక్కా పట్టుకుని లాగే అలవాటు రాకూడదని. ఎనిమిదేళ్ల పిల్లలకు ఇది శిక్షణా, శిక్షా అని అడిగేవారు ఉండవచ్చు. కొడుకు మాత్రం ఆ క్రమశిక్షణే తనను నిలబెట్టిందని చెబుతూ వచ్చాడు.

2015లో అతను బుడాపెస్ట్ క్లబ్బు ఎంటీకే యువ విభాగానికి వెళ్లాడు. అక్కడ ఉన్నది రెండేళ్లలోపే. ఆ తరువాత జరిగినదే అసలు మలుపు.

ఫిఫా నిబంధనల్లో 19వ అధికరణం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడిని వేరే దేశపు క్లబ్బు తీసుకోకూడదు. ఐరోపా సమాఖ్య దేశాల మధ్య మాత్రం సడలింపు ఉంది: చదువు, వసతి బాధ్యత కొత్త క్లబ్బు తీసుకుంటే పదహారేళ్లకే వెళ్లవచ్చు. 2004లో హంగరీ సమాఖ్యలో చేరాక ఈ తలుపు తెరుచుకుంది. సోబోస్లాయ్‌కి 2016 అక్టోబరులో పదహారు నిండాయి. 2017లో అతను ఆస్ట్రియాలోని లీఫరింగ్ జట్టులో ఉన్నాడు. హంగరీ అగ్రశ్రేణి లీగ్‌లో అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, నేటికీ ఆడలేదు. జాతీయ జట్టు కెప్టెన్ స్వదేశపు లీగ్‌లో ఒక్క నిమిషం ఆడకపోవడం కన్నా ఆ లీగ్ గురించి చెప్పగల మాట ఇంకేముంటుంది?

లీఫరింగ్ అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. అది రెడ్ బుల్ పానీయాల కంపెనీ నడిపే ఆస్ట్రియా క్లబ్బు సాల్జ్‌బర్గ్‌కు అనుబంధ జట్టు. ఆస్ట్రియా రెండో శ్రేణి లీగ్‌లో ఆడుతుంది, పట్టికలో పైన నిలిచినా మొదటి శ్రేణికి ఎక్కే వీల్లేదు. ఎక్కాలన్న తాపత్రయమే లేదు కాబట్టి ఫలితం కోసం అనుభవజ్ఞులను దింపి కుర్రవాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టే అవసరం శిక్షకుడికి రాదు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ప్రతి వారం ముప్పై ఏళ్ల వృత్తి ఆటగాళ్లతో తలపడతారు, దెబ్బలు తింటారు, ఓడిపోతారు, మళ్లీ వచ్చే వారం దిగుతారు. బంతి పోగానే మూకుమ్మడిగా వెంటపడి లాక్కునే ఒకే ఆట పద్ధతిని లీఫరింగ్ నుంచి సాల్జ్‌బర్గ్ వరకు, అక్కడి నుంచి జర్మనీలోని రెడ్ బుల్ క్లబ్బు లైప్‌జిగ్ వరకు నేర్పుతారు. పై మెట్టు ఎక్కిన కుర్రవాడికి ఆట కొత్తగా ఉండదు, వేగం మాత్రమే పెరుగుతుంది.

హంగరీలో కొరవడింది ఈ మెట్టే. అకాడమీలకు పచ్చిక మైదానాలు, జిమ్ములు, హాస్టళ్లు వచ్చాయి. అకాడమీ దాటిన కుర్రవాడికి మొదటి జట్టులో చోటు మాత్రం రాలేదు. డబ్బున్న క్లబ్బులు విదేశీ ఆటగాళ్లను కొనుక్కోవడమే సులువనుకున్నాయి.

దేశం దాటితే చాలు బాగుపడతారన్నదీ నిజం కాదు. 2007లో ఇదే ఎంటీకే నుంచి ముగ్గురు కుర్రవాళ్లు ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌కు వెళ్లారు: గోల్‌కీపర్ పీటర్ గులాచి, క్రిస్టియాన్ నేమెత్, ఆండ్రాష్ షిమోన్. పెద్ద పేరున్న క్లబ్బు కాబట్టి అప్పట్లో పెద్ద వార్త. ముగ్గురిలో ఒక్కరూ లివర్‌పూల్ మొదటి జట్టుకు ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడలేదు. గులాచి అరువు మీద ఈ క్లబ్బుకూ ఆ క్లబ్బుకూ తిరిగి, 2013లో సాల్జ్‌బర్గ్ చేరాకే స్థిరపడ్డాడు. అక్కడి నుంచి లైప్‌జిగ్ వెళ్లి ఐరోపాలోని మంచి గోల్‌కీపర్లలో ఒకడయ్యాడు. సోబోస్లాయ్ నడిచింది ఆ బాటలోనే, కాకపోతే లివర్‌పూల్‌ను మొదట కాక చివర పెట్టుకున్నాడు.

మిగతాది వేగంగా సాగింది. 2019 మార్చిలో స్లొవాకియాపై జాతీయ జట్టులో తొలి మ్యాచ్. 2019-20లో సాల్జ్‌బర్గ్‌తో లీగ్, కప్ రెండూ. 2020 నవంబరు 12న ఐస్‌లాండ్‌పై యూరో (ఐరోపా దేశాల ఛాంపియన్‌షిప్) అర్హత ఫైనల్: 11వ నిమిషం నుంచి వెనకబడి ఉన్న హంగరీకి 88వ నిమిషంలో లోయిక్ నేగో గోల్ సాధిస్తే, 92వ నిమిషంలో సోబోస్లాయ్ సగం మైదానం పరుగెత్తి దూరం నుంచి కొట్టిన గోల్ యూరో టికెట్ తెచ్చింది. కోవిడ్ ఆంక్షల వల్ల స్టాండ్లు ఖాళీ, శిక్షకుడు మార్కో రోస్సీకి కూడా కోవిడే. సోబోస్లాయ్ కథ ఆ గోల్‌తోనే మొదలైనట్టు చాలామంది రాస్తారు. అది ఫలితం మాత్రమే. అన్నట్టు, ఆ యూరోలో అతను ఆడనే లేదు. 2021 జనవరిలో లైప్‌జిగ్ చేరాక తొడ కండరాల గాయం ఆ సీజనంతా మింగేసింది.

ప్రభుత్వ విధానాన్ని సమర్థించేవారి వాదననూ చెప్పాలి. 44 ఏళ్ల విరామం తరువాత హంగరీ 2016లో యూరో ఆడింది, ఆ తరువాతి రెండు యూరోలకూ వరుసగా అర్హత సాధించింది. 2022 జూన్‌లో ఇంగ్లండ్‌ను బుడాపెస్ట్‌లో 1-0తో, వుల్వర్‌హాంప్టన్‌లో 4-0తో ఓడించింది. రోలండ్ షల్లాయ్ ఫెల్చూత్ అకాడమీ నుంచే వచ్చాడు. ఇవన్నీ నిజాలే. అయితే అదే జట్టును మరో కోణంలో చూడండి. నేగో పుట్టింది ఫ్రాన్స్‌లో, డిఫెండర్ విల్లీ ఓర్బాన్ జర్మనీలో, మిలోష్ కెర్కెజ్ సెర్బియాలో. 2025 మార్చిలో తుర్కియే చేతిలో రెండు మ్యాచ్‌లూ ఓడి ఐరోపా దేశాల పోటీ అయిన నేషన్స్ లీగ్‌లో రెండో శ్రేణికి జారింది. అర్హతలకు శిక్షకుడు రోస్సీ నైపుణ్యం ఎంత కారణమో, పన్ను రాయితీ ఎంత కారణమో విడదీసి చూపినవారు లేరు.

లైప్‌జిగ్‌తో రెండు జర్మన్ కప్పులు గెలిచాక 2023 జూలైలో సోబోస్లాయ్ 7 కోట్ల యూరోలకు లివర్‌పూల్ వెళ్లాడు. 8వ నంబరు చొక్కా వేసుకున్నాడు, 2025లో ఇంగ్లండ్ లీగ్ గెలిచాడు. ఆ ఆగస్టులో ఆర్సెనల్‌పై రక్షణ వరుసలో రైట్ బ్యాక్‌గా ఆడుతూనే ఫ్రీ కిక్‌తో మ్యాచ్ గెలిపించాడు. ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడగల ఆ ఒడుపు సాల్జ్‌బర్గ్ చదువే.

ఎవరి వాటా ఎంతన్న ప్రశ్నకు ఫిఫా దగ్గర ఒక లెక్క ఉంది. అంతర్జాతీయ బదిలీ సొమ్ములో 5 శాతాన్ని, ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులు పంచుకోవాలి. 15 ఏళ్ల వరకు ఏడాదికి పావు శాతం, ఆపైన ఏడాదికి అర శాతం. ఈ నిబంధన ప్రకారం ఫోనిక్స్ గోల్డ్, ఎంటీకే రెండింటికీ కలిపి దక్కాల్సింది ఒకటి నుంచి ఒకటిన్నర శాతం, అంటే 7 నుంచి 10 లక్షల యూరోలు. మిగిలినదంతా రెడ్ బుల్ క్లబ్బుల ఖాతాలోకే వెళుతుంది. ఫెల్చూత్ అకాడమీకి ఇందులో ఒక్క యూరో కూడా లేదు.