బఠాణీ గింజతో ఆకాశాన్ని కొలవడం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఎగిరే పళ్లాల గుట్టు అమెరికా సైన్యం దగ్గర ఉందట, నిజమేనా అని అడిగారు. ఆకాశంలో వింత వస్తువులు చూశామన్న మాటల మీద విచారణలు ఎలా జరిగాయో చెప్తాను. అది తెలిస్తే ఇలాంటి వార్త వచ్చినప్పుడు ముందు ఏం అడగాలో మీకే తట్టుతుంది.

1947 జూన్ 24న కెనెత్ ఆర్నాల్డ్ అనే ఆయన చిన్న విమానం నడుపుకుంటూ పోతూ, అమెరికాలోని రెయినియర్ పర్వతం దగ్గర తొమ్మిది మెరిసే వస్తువుల్ని చూశాడు. చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుంది చూడండి, నీళ్ల మీద సాసర్ విసిరితే పోయినట్టు అలా పోయాయన్నాడు. పత్రికలు ఆ సాసర్ మాటనే పట్టుకుని 'ఎగిరే పళ్లాలు' అన్నాయి. ఆయన చెప్పింది నడక, జనం అనుకున్నది ఆకారం. రెయినియర్ నుంచి ఆడమ్స్ పర్వతం దాకా 1 నిమిషం 42 సెకన్లు పట్టిందని గడియారం చూసి లెక్కగట్టాడు. వేగం గంటకు వెయ్యి మైళ్లు దాటింది. అయితే అవి 20 మైళ్లకు పైగా దూరంలో ఉన్నాయన్న అంచనా మీదే ఆ లెక్కంతా నిలబడింది. దూరం అందులో సగమైతే వేగమూ దాదాపు సగమే.

దూరం తెలియకుండా పరిమాణమూ తెలియదు, వేగమూ తెలియదు. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకోండి.

అమెరికా వైమానిక దళం 1948లో ప్రాజెక్ట్ సైన్, ఆ తరువాత గ్రడ్జ్, 1952 నుంచి బ్లూ బుక్ అన్న పేర్లతో విచారణ నడిపింది. ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ స్థావరం దానికి కేంద్రం. చూసినవాళ్ల చేత ఒక ఫారం నింపించేవారు. అందులో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది: చెయ్యి బారుగా చాచి పట్టుకుంటే ఏ వస్తువు దాన్ని కప్పేస్తుంది? గుండుసూది తల, బఠాణీ గింజ, రకరకాల నాణేలు, చివరికి బాస్కెట్‌బాల్ దాకా జాబితా. ఎన్ని అడుగులుందో సాక్షికి తెలియదు, కంటికి ఎంత కోణంలో కనిపించిందో మాత్రం చెప్పగలడు. నిండు చందమామను కప్పడానికి పళ్లెం కావాలనిపిస్తుంది కదా? పున్నమి నాడు చెయ్యి చాచి చూడండి, బఠాణీ గింజ సరిపోతుంది.

1969 డిసెంబరులో బ్లూ బుక్ మూసేనాటికి మొత్తం 12,618 కేసులు, తేలనివి 701. అంటే నూటికి ఐదున్నర. తేలలేదంటే గ్రహాంతరవాసులని అర్థం కాదు. ఆ దస్త్రాలు ఇప్పుడు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎవరైనా చూడొచ్చు. గుట్టు బొత్తిగా లేకపోలేదు. 1948 జనవరిలో కెంటకీ మీదుగా ఏదో వస్తువును తరుముతూ ఆక్సిజన్ లేకుండా పైపైకి వెళ్లి ఒక పైలట్ ప్రాణం పోగొట్టుకున్నాడు. మొదట అది శుక్రగ్రహం అన్నారు. నౌకాదళం రహస్యంగా ఎగరేస్తున్న స్కైహుక్ బెలూన్ అయివుంటుందని తరువాత తేల్చారు.

ఇక 2015లో అమెరికా నౌకాదళ విమానం తీసిన 'గో ఫాస్ట్' వీడియో. సముద్రం మీద ఒక చుక్క బాణంలా దూసుకుపోతున్నట్టుంటుంది. తెర మీది అంకెలు చదవండి: విమానం ఎత్తు 25,000 అడుగులు, చుక్క దూరం 3.4 నాటికల్ మైళ్లు, కెమెరా 35 డిగ్రీలు కిందికి వంగి ఉంది. పదో తరగతి త్రికోణమితి చాలు. నాటికల్ మైలుకు 6,076 అడుగులు, కాబట్టి కర్ణం సుమారు 20,660 అడుగులు. సైన్ 35 అంటే 0.57. గుణిస్తే దాదాపు 11,800. అంటే చుక్క విమానం కన్నా అంత కింద, సుమారు 13,000 అడుగుల ఎత్తులో ఉంది. సముద్రాన్ని రాసుకుంటూ పోవడం లేదు! రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి చెట్టు వెనక దూరపు పొలాలు జారిపోవూ? ఇక్కడా అంతే. వేగం విమానానిది, కంటికి చుక్కదిలా కనిపించింది. 2023లో నాసా బృందం లెక్కలో 22 సెకన్లలో అది కదిలింది 390 మీటర్లు, గంటకు సుమారు 40 మైళ్లు. గాలికి కొట్టుకుపోయే వస్తువుకు సరిపోయే వేగం.

మన దగ్గరా జరిగింది. 2012 ఆగస్టు నుంచి ఆరు నెలల పాటు లడఖ్ సరిహద్దులో మన జవాన్లు వింత వెలుగుల్ని 329 సార్లు నమోదు చేశారు, చైనా నిఘా డ్రోన్లేమోనని. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లను పిలిచారు. అవి నక్షత్రాలతో పాటే జరుగుతున్నాయా, విడిగానా అన్నదే అసలు ప్రశ్న. తేలిందేమిటంటే ఒకటి గురుగ్రహం, రెండోది శుక్రుడు, మీ నానమ్మ వేగుచుక్క అంటుందే, అదే. ఆ జవాన్లను తక్కువ చేయకండి. చూసిన ప్రతిసారీ రాసిపెట్టబట్టే నిజం తేలింది.

మీకూ ఎప్పుడైనా ఏదైనా కనిపిస్తే ముందు గడియారం చూసి టైం రాయండి. నిలబడ్డ చోటు, ఏ దిక్కు, దిగంతం నుంచి ఎన్ని పిడికిళ్ల ఎత్తు అన్నది రాయండి. చెయ్యి చాచితే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఫోన్‌తో తీస్తే జూమ్ చేయకండి, చుక్క మసకబారి పళ్లెమంత అవుతుంది. కరెంటు స్తంభమో, మేడ అంచో ఫ్రేములో ఉండాలి. ఫోన్‌ను గోడకు ఆనించి పట్టుకోండి. పది నిమిషాలాగి అక్కడే నిలబడి మరోటి తీయండి. రాసిన కాగితం నాకు పంపండి, కలిసి లెక్క వేద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య