సీడ్ తగాదాకు మూలం తల్లి రొయ్య దగ్గర ఉంది

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు సీడ్ (చెరువుల్లో వేసే రొయ్య పిల్ల) తగాదా మళ్లీ మొదలైంది. నెల దాటినా పిల్ల ఎదగడం లేదని, ఒకే చెరువులో చిన్నా పెద్దా కలిసి కనిపిస్తున్నాయని రైతుల ఫిర్యాదు. నీళ్లు, చెరువు అడుగు, ఎదుగుదలను తగ్గించే ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి సంగతి చూసుకోమని పిల్లను తయారుచేసి అమ్మే హేచరీల జవాబు.

రొయ్యల్ని చంపే తెల్లమచ్చ రోగం, తీరంలోని రొయ్యల చెరువులపై 1996 సుప్రీంకోర్టు తీర్పు ఈ తీరంలో అందరికీ తెలిసినవే. నేటి గొడవకు అసలు మలుపు 2009. వనామి రొయ్య పెంపకానికి అనుమతి వచ్చింది ఆ ఏడాదే. అంతకుముందు పెంచిన టైగర్ రొయ్యకు తల్లులు మన సముద్రంలోనే దొరికేవి. వనామి పసిఫిక్ జాతి. తల్లుల్ని విదేశాల నుంచి తెచ్చి, చెన్నై క్వారంటైన్‌లో పరీక్షించాకే హేచరీకి ఇవ్వాలి. చెరువులో పెరిగిన రొయ్యను తల్లిగా వాడకూడదు. దిగుమతి తల్లికి ఖర్చెక్కువ, చెరువు రొయ్య చవక. రైతుల అనుమానమంతా అక్కడే.

ఖరీదైన తల్లి కాబట్టి వీలైనన్ని కాన్పులు రాబట్టాలని చూస్తారు. కంటి కాడ తీసేస్తే రొయ్య అండాశయం త్వరగా పెరుగుతుందని ఫ్రాన్స్‌కు చెందిన పనూజ్ 1943లోనే చూపాడు. గుడ్లు తయారుకాకుండా ఆపే హార్మోన్ ఆ కాడలోనే ఉంటుంది. ఒక కన్ను తీస్తే ఆ అడ్డు తగ్గి, తల్లి మళ్లీ మళ్లీ గుడ్లు పెడుతుంది. ఆ భారం పిల్ల మీద పడుతుందని రైతుల వాదన. అది తీసిపారేసే మాట కాదు. గుడ్డు నుంచి బయటికొచ్చిన తొలి దశ పిల్ల, అంటే నాప్లీ, ఏమీ తినదు, తల్లి గుడ్డులో పెట్టిన సొనతోనే బతుకుతుంది. తర్వాతి దశ జోయియాకు వచ్చాకే మేత.

నాప్లీ నుంచి చెరువులో వేసే పిల్ల (పీఎల్) దాకా ప్రతి దశకూ పెంకు విడవాలి. అందుకు ఎక్డైసోన్ హార్మోన్, కణాల్లో దాన్ని అందుకునే రిసెప్టర్ రెండూ సరిగ్గా పనిచేయాలి. పురుగుల్లోనూ ఇలాంటి రిసెప్టరే ఉంది. కొన్ని పురుగుమందులు పనిచేసేది దాని మీదే. కాబట్టి పొలాల నీళ్లు కాలువల్లో కలిసే చోట హేచరీల మాటనూ కొట్టిపారేయలేం. కానీ అదే కాలువ నీళ్లతో పక్క చెరువులో వేరే హేచరీ పిల్ల బాగానే ఎదుగుతోందే అని రైతులు అడుగుతున్నారు. దానికి సూటి జవాబు రాలేదు.

పీసీఆర్ పరీక్షలో వైరస్, ఈహెచ్‌పీ తెలుస్తాయి. ఆ పిల్ల తల్లికి ఎన్నో కాన్పుదో తెలియదు. అందుకే తల్లి ఏ బ్యాచ్‌దో, క్వారంటైన్ నుంచి ఎప్పుడు వచ్చిందో, ఎన్నిసార్లు గుడ్లు పెట్టిందో సీడ్ బిల్లు మీదే రాయాలని రైతులు పట్టుబడుతున్నారు.