ఆగిన బొగ్గు యూనిట్‌కు పర్మిట్: చిక్కంతా సున్నాతోనే

అమెరికాలో ఏళ్లుగా మూతపడి ఉన్న బొగ్గు విద్యుత్ యూనిట్‌ను మళ్లీ నడపాలంటే అందరి చూపూ ముందు బాయిలర్ ట్యూబుల మీదకూ టర్బైన్ మీదకూ పోతుంది. గాలి పర్మిట్, అంటే పొగ వదలడానికి తీసుకునే అనుమతి దగ్గర చిక్కు వేరు. ఆగి ఉన్నన్నాళ్లూ ఆ చిమ్నీ వదిలిన పొగ సున్నా. రేపు రాబోయే పొగను పోల్చేది ఆ సున్నాతోనే.

ఫెడరల్ నిబంధనల ప్రకారం విద్యుత్ బాయిలర్ పాత ఉద్గారాల లెక్కను, పని మొదలుపెట్టడానికి ముందు 5 ఏళ్లలోంచి వరుసగా 24 నెలలు ఎంచుకుని తీస్తారు. ఆ 5 ఏళ్లూ యూనిట్ ఆగే ఉంటే ఏ 24 నెలలు తీసుకున్నా ఒకటే. మామూలు నడకను సరిగ్గా చూపేది వేరే కాలమని నిరూపిస్తే అనుమతించే వెసులుబాటు ఉంది గానీ, నిరూపించాల్సింది దరఖాస్తుదారులే. సల్ఫర్ డయాక్సైడ్ గానీ నైట్రోజన్ ఆక్సైడ్లు గానీ ఏడాదికి 40 టన్నులు పెరిగితే మామూలుగా కొత్త నిర్మాణాలకూ మార్పులకూ చేసే పూర్తిస్థాయి కాలుష్య సమీక్ష మెడకు చుట్టుకుంటుంది.

ఆ 40 టన్నులు ఎంత తక్కువో లెక్కేస్తే తెలుస్తుంది. 100 మెగావాట్ల యూనిట్, హీట్ రేట్, అంటే ఒక కిలోవాట్-అవర్ కరెంటుకు కావాల్సిన వేడి, 10,500 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) అనుకుందాం. గంటకు 1,050 మిలియన్ బీటీయూల బొగ్గు కాలుతుంది. శుద్ధి చేశాక కూడా మిలియన్ బీటీయూకు 0.20 పౌండ్ల సల్ఫర్ డయాక్సైడ్ మిగిలితే గంటకు 210 పౌండ్లు. 2,000 పౌండ్ల టన్నుల్లో ఏడాదికి 920. 40 లోపల ఉండాలంటే 380 గంటలే నడపాలి, అంటే 16 రోజులు కూడా లేదు. గంటల పరిమితి రాసిచ్చి సమీక్ష తప్పించుకునే దారి బొగ్గు యూనిట్‌కు దండగే.

అసలు తిరిగి వెలిగించడమే ‘మార్పు’ కిందకు వస్తుందా? రెండేళ్లకు మించి ఆగితే శాశ్వతంగా మూసినట్టేనని పర్యావరణ సంస్థ ఈపీఏ చాలాకాలం భావించింది. వర్జిన్ దీవుల్లోని ఒక చమురు శుద్ధి కర్మాగారం కేసులో 2023లో థర్డ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాన్ని ఒప్పుకోలేదు: కొత్త నిర్మాణమో మార్పో ఉంటేనే ఆ సమీక్ష వర్తిస్తుందంది. కాకపోతే ఏళ్ల తరబడి చల్లారిన బాయిలర్ ఏమీ మార్చకుండా లేవడం అరుదు. ట్యూబ్ ప్యానెళ్లు, బర్నర్లు మార్చినప్పుడు అది రోజువారీ మరమ్మతా, మార్పా అన్న తగువు మళ్లీ మొదలవుతుంది.

పొగ గాలిలో ఎలా పరుచుకుంటుందో కంప్యూటర్ మోడల్‌తో వేసే లెక్కల్లో చాలామంది పూర్తి లోడ్ ఒక్కటే చూసి ఊరుకుంటారు. సగం లోడ్‌లో పొగ తక్కువే, కానీ వేగమూ వేడీ తగ్గి పైకి లేవదు. దగ్గరి భవనాల వెనక సుడిలో చిక్కి కిందికి దిగొచ్చు. నేల మీద గాఢత అప్పుడే ఎక్కువగా ఉన్నా ఆశ్చర్యం లేదు. అందుకే 100, 75, 50 శాతం లోడ్‌లు మూడూ నడిపి చూడాలి. సల్ఫర్ డయాక్సైడ్‌కు గంట ప్రమాణం 75 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 75), చుట్టుపక్కల గాలిలో ముందే ఉన్నదీ అందులో కలిసే వస్తుంది. ఇందుకోసం తక్కువ గంధకపు బొగ్గుకు మారితే బూడిద విద్యుత్ నిరోధం పెరిగి, పొగలోని బూడిదను విద్యుత్‌తో లాగే ఈఎస్‌పీ దాన్ని సరిగ్గా పట్టదు. ఒక కాలుష్యాన్ని తగ్గించబోతే ఇంకొకటి పెరుగుతుందన్నమాట.

ఈఎస్‌పీకి ఆగి ఉండటమే పెద్ద జబ్బు. పట్టిన బూడిద పడే గరాటుల్లో (హాపర్లలో) మిగిలినది తేమ పీల్చి గట్టిపడుతుంది. ఇన్సులేటర్ల మీద తడి బూడిద చేరితే వోల్టేజ్ ఎక్కదు, ఈఎస్‌పీలోని ఆ భాగం (ఫీల్డ్) ట్రిప్ అవుతుంది. ఇన్సులేటర్లను ఆరబెట్టే హీటర్లను లైటప్‌కు, అంటే బాయిలర్ వెలిగించడానికి, ముందురోజే వేసి ఉంచాలి. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఎస్‌సీఆర్‌లో గ్యాస్ దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరకముందే అమ్మోనియా వదిలితే జిగురు లవణం తయారై ఉత్ప్రేరకాన్ని మూసేస్తుంది. కాబట్టి లైటప్ గంటల్లో ఆ శుద్ధి ఉండదు. దరఖాస్తులో ఆ గంటలకు వేరే లెక్క చూపకపోతే అధికారులు తిప్పి పంపుతారు.

చివరికి చిమ్నీ మీటర్లు. ప్రతి గ్యాస్ మీటర్‌నూ కనీసం 9 పోలిక పరీక్షలతో ధ్రువీకరించాలి. దీర్ఘకాలం ఆగి లేచిన యూనిట్‌కు 90 నడిచిన రోజులు లేదా 180 క్యాలెండర్ రోజులు, ఏది ముందైతే అది గడువు. అప్పటిదాకా సాధారణంగా ఆ యూనిట్ నుంచి రాగల గరిష్ఠ విలువలనే నమోదు చేయాలి. పరీక్షలు ఆలస్యమైన కొద్దీ కాగితం మీద కాలుష్యం నిజానికి మించి పెరుగుతూ పోతుంది.