టైరే ఫ్యూజు: బండలెక్కే బగ్గీలో బరువు లెక్క

అమెరికాలోని ఫీనిక్స్ నుంచి ఒక తెలుగు ఇంజినీరు ఉత్తరం రాశారు. ఆయన, ముగ్గురు మిత్రులు కలిసి ఒక షెడ్డులో బండలెక్కే బగ్గీ కట్టుకుంటున్నారు. ఉక్కు గొట్టాల పంజరం, అందులో ఒక ఇంజను, 40 అంగుళాల టైర్లు నాలుగు. ముందు ఇరుసు పాత డానా 44 రకానిది. దాని లోపల చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే షాఫ్టు, రెండుసార్లు తెగింది. "రెండున్నర టన్నులు మోసే సైనిక ట్రక్కుల నుంచి తీసిన ఇరుసులు వేసేద్దాం, ఇక జన్మలో తెగవు అని మిత్రులంటున్నారు. అంత బరువు పెడితే మళ్లీ ఇంకేదో తెగుతుందని నా అనుమానం. ఎక్కడ ఆగాలి?" అని ఆయన ప్రశ్న.

ఇంత మంచి ప్రశ్న నాకు ఈ మధ్య రాలేదు. రెండు రోజులు కాగితం, పెన్సిలు ముందేసుకుని కూర్చున్నాను.

ఈ బళ్లు తిరిగే చోట్లు వేరు. యూటాలోని మోయాబ్‌లో ఎర్రటి ఇసుకరాతి గుట్టలు. అక్కడ 1967 నుంచి ఏటా ఈస్టరు రోజుల్లో జీపుల సంబరం జరుగుతోంది. కాలిఫోర్నియాలో మొజావే ఎడారిలోని జాన్సన్ వ్యాలీ, అక్కడ 2007లో మొదలైన కింగ్ ఆఫ్ ది హామర్స్ పోటీ. సియెర్రా నెవాడా కొండల్లో గ్రానైటు బండల మీదుగా సాగే రూబికాన్ బాట. బండలు ఎక్కేటప్పుడు వేగం మనిషి నడకంత కూడా ఉండదు. మోయాబ్ రాతిని అక్కడివాళ్లు జారుడు రాయి అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఇనుప లాడాలు కొట్టిన గుర్రాలు దానిమీద జారేవి కాబట్టి ఆ పేరు వచ్చింది. రబ్బరుకు మాత్రం అది గరుకు కాగితం లాంటిది, టైరు అతుక్కుపోతుంది. ఈ అతుకులోనే మన కథంతా ఉంది.

డిఫరెన్షియల్ అంటే ఏమిటి, నాలుగు చక్రాల డ్రైవు ఎలా పనిచేస్తుంది వంటివి చాలాచోట్ల దొరుకుతాయి, వాటిని వదిలేస్తున్నాను. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

బగ్గీ బరువు డ్రైవరుతో కలిపి 1800 కిలోలు అనుకుందాం. ఇంజను 300 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం, ఇస్తుంది. గేర్‌బాక్సు, ఇంజను శక్తిని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసులోని పెద్ద, చిన్న పళ్లచక్రాల జత అయిన క్రౌన్ పినియన్ ఈ మూడూ కలిసి దాన్ని 80 రెట్లు చేస్తాయి. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో కూడా ఈ గుణకారం 84 ఉన్న రకాలున్నాయి, కాబట్టి 80 అన్నది అతిశయోక్తి కాదు. అంటే చక్రాల దగ్గర 24,000 న్యూటన్ మీటర్లు. రాపిడి నష్టాలు తీసేసినా 20,000 మిగులుతాయి.

ఇప్పుడు నేల వైపు నుంచి చూద్దాం. చక్రం నేలను ఎంత గట్టిగా తన్నగలదో నిర్ణయించేది ఇంజను కాదు, ఘర్షణ. చక్రం మీద పడే బరువును ఘర్షణ గుణకంతో, టైరు వ్యాసార్ధంతో గుణిస్తే ఆ చక్రం మోయగల గరిష్ఠ టార్కు వస్తుంది. గాలి బాగా తీసేసిన మెత్తటి టైరు, గరుకు ఇసుకరాయి కాబట్టి గుణకం 1 అనుకోవచ్చు. అణగిన టైరు వ్యాసార్ధం 0.48 మీటర్లు. నాలుగు చక్రాలూ కలిసి 1800 కిలోల బరువుతో మోయగలిగేది దాదాపు 8,500 న్యూటన్ మీటర్లు.

ఇంజను ఇవ్వగలిగేది 20,000. నేల తీసుకోగలిగేది 8,500. మిగతాది ఏమవుతుంది? ఏమీ కాదు, అది పుట్టనే పుట్టదు. 8,500 దాటబోయే క్షణంలో టైరు జారుతుంది. ఆ జారడమే రక్షణ. మీ బగ్గీలో అన్నింటికన్నా ముఖ్యమైన ఫ్యూజు టైరే.

మా ఊళ్లో ఒకప్పుడు ప్రతి ఇంటి మీటరు పక్కనా పింగాణీ ఫ్యూజు డబ్బాలుండేవి. సన్నటి తీగ తరచూ కాలిపోతోందని చాలామంది లావుపాటి రాగి తీగ చుట్టేవాళ్లు. ఆ తర్వాత ఫ్యూజు కాలేది కాదు, గోడలోని వైరు కాలేది. బగ్గీకి బరువు పెంచడం సరిగ్గా ఆ పనే. టైరు మీద ఒక్కో కిలో పెట్టినప్పుడల్లా ఫ్యూజు తీగను లావు చేస్తున్నారు. ఇంజను మారలేదు, గేర్లు మారలేదు. అయినా ఇరుసు మీద పడే భారం పెరుగుతుంది, ఎందుకంటే ఇరుసుకు భారం పంపేది ఇంజను అనిపించినా ఆ భారానికి హద్దు గీసేది బరువు. పెద్ద టైరు వేసినా అంతే. 37 అంగుళాల నుంచి 40కి మారితే వ్యాసార్ధంతోపాటు ఫ్యూజు 8 శాతం బలిసింది.

దీన్నుంచి ఒక భయం పుడుతుంది. ఇరుసు తెగింది, లావు చేశాం. లావు చేస్తే బరువు పెరిగింది. బరువు పెరిగితే టార్కు పెరిగింది, మళ్లీ తెగింది, మళ్లీ లావు చేశాం. దీనికి అంతం ఉందా?

ఉంది. గుండ్రటి షాఫ్టును మెలితిప్పితే అది తట్టుకునే టార్కు వ్యాసం ఘనంతో పెరుగుతుంది. షాఫ్టు బరువు మాత్రం వ్యాసం వర్గంతోనే పెరుగుతుంది. ఏనుగు ఎముకలు జింక ఎముకలను అలాగే పెద్దవి చేసినట్టు ఎందుకుండవో గెలీలియో 1638లో వివరించాడు: జంతువు పెరిగేకొద్దీ బరువు ఘనంతో పెరుగుతుంది, ఎముక బలం వర్గంతో మాత్రమే పెరుగుతుంది. అందుకే ఏనుగు కాళ్లు స్తంభాల్లా ఉంటాయి. మన షాఫ్టులో ఆ లెక్క తలకిందులైంది. ఇక్కడ ఘనం మన పక్షాన ఉంది!

అంకెల్లో చూడండి. బగ్గీకి 100 కిలోలు కలిపితే టార్కు 5.6 శాతం పెరుగుతుంది. దాన్ని తట్టుకోవడానికి షాఫ్టు వ్యాసం 1.8 శాతం పెరిగితే చాలు, 38.1 మిల్లీమీటర్లుంటే 38.8 అవుతుంది. 90 సెంటీమీటర్ల పొడవున్న ఆ షాఫ్టు 8 కిలోలుంటుంది, దానికి కలిసేది 300 గ్రాములు. 100 కిలోలకు జవాబుగా ఒక్కో షాఫ్టుకు 300 గ్రాములు! ఈ గొలుసు తిరిగి తిరిగి త్వరగానే ఆగిపోతుంది.

మరి చిక్కెక్కడ? లెక్కలో వాలు నున్నగా ఉంటుంది, దుకాణంలో మెట్లుంటాయి. 38.8 మిల్లీమీటర్ల షాఫ్టు ఎవరూ అమ్మరు. డానా 44లో కొసన 30 పళ్లున్న షాఫ్టు వ్యాసం 1.31 అంగుళాలు. తర్వాతి మెట్టు డానా 60లో 35 పళ్లది, అంగుళంన్నర. వాటితోపాటు క్రౌన్ చక్రం 8.5 అంగుళాల నుంచి 9.75కు దూకుతుంది. దాన్ని పట్టే గుండ్రటి డబ్బా, గొట్టాలు, బేరింగులు, హబ్బులు, బ్రేకులు అన్నీ దూకుతాయి. బరువంతా ఈ పరివారంలో ఉంది, షాఫ్టులో కాదు.

ఇక్కడ ఆయన మిత్రులు ఒక వాదన చేస్తారు, అది కొట్టిపారేసేది కాదు. నిదానంగా బండలెక్కే బండికి కింద బరువు మంచిదే కదా, పల్టీ కొట్టదు కదా? టైర్లలో నీళ్లు నింపుకునేవాళ్లు కూడా ఉన్నారు. నిజమే. ఎడారిలో దూసుకెళ్లే పందెం బళ్లకు స్ప్రింగుల కిందున్న బరువు శత్రువు, నడక వేగంలో అది స్నేహితుడు. కానీ ఎంత లాభం?

చక్రాలు, ఇరుసులు 500 కిలోలు, వాటి సగటు ఎత్తు అర మీటరు. మిగతా 1300 కిలోలు 0.95 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. మొత్తం గరిమనాభి 0.825 మీటర్ల ఎత్తున ఉంటుంది. మధ్యరేఖ నుంచి టైరు అంచు 0.95 మీటర్ల దూరంలో ఉంటే, పక్కవాలు 49 డిగ్రీలకు చేరినప్పుడు బండి ఒరుగుతుంది. ఇరుసుల్లో 150 కిలోలు కలపండి, గరిమనాభి 0.80కి దిగి 50 డిగ్రీలు అవుతుంది. ఒక్క డిగ్రీ లాభం. ఇప్పుడు దాన్ని వదిలేసి, పంజరం మీద 1.4 మీటర్ల ఎత్తున కట్టిన స్టెప్నీ, పెట్రోలు డబ్బాలు, పనిముట్ల పెట్టె కలిపి 75 కిలోలు తీసేయండి. గరిమనాభి మళ్లీ సరిగ్గా 0.80, మళ్లీ అదే 50 డిగ్రీలు. ఒక దారిలో బండి 1950 కిలోలు, మరో దారిలో 1725. పల్టీ కొట్టే కోణం ఒకటే, ఇరుసు మీద టార్కు మాత్రం మొదటి దారిలో 13 శాతం ఎక్కువ. ఈ అంకెలు కలిసొచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

పంజరం గొట్టాలను మాత్రం పలచన చేయకండి. అవి ప్రాణం కాపాడేవి, ఈ లెక్కలోకి రావు.

ఇంతకీ ఆయన షాఫ్టు ఎందుకు తెగింది? తెగినప్పుడు బండి ఎలా ఉంది, స్టీరింగు ఎలా ఉంది అని తిరిగి రాసి అడిగాను. రెండుసార్లూ ఒకటే జవాబు: ఎక్కలేక వెనక్కి వస్తూ, స్టీరింగు పూర్తిగా తిప్పి, రివర్సులో మళ్లీ పైకి ఎక్కే ప్రయత్నం చేశారు.

రివర్సులో ఎక్కితే ముందు ఇరుసు కింది వైపు ఉంటుంది. నిటారు వాలులో బరువంతా దాదాపు దానిమీదికి జారుతుంది, అంటే చక్రానికి 900 కిలోలు, 4,240 న్యూటన్ మీటర్లు. ఇరుసు రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకరు బిగించి ఉండి ఒక చక్రం గాలిలోకి లేస్తే, రెండో దానికి ఇంకా ఎక్కువే. దీనికి తోడు, స్టీరింగు తిప్పినప్పుడు షాఫ్టు వంగి తిరిగేలా చేసే కీలు, యూనివర్సల్ జాయింటు. రాబర్ట్ హుక్ 17వ శతాబ్దంలోనే అధ్యయనం చేసిన ఈ జాయింటు వంగి తిరిగినప్పుడు ఒక చుట్టులో రెండుసార్లు వేగం ఎక్కువై రెండుసార్లు తక్కువవుతుంది. వంపు 40 డిగ్రీలుంటే వేగం 0.77 నుంచి 1.31 రెట్ల మధ్య ఊగుతుంది, టార్కు కూడా అంతే ఊగుతుంది. 4,240ని 1.3తో గుణించండి, 5,500 దాటుతుంది. చదరపు మిల్లీమీటరుకు 700 న్యూటన్ల కోత ప్రతిబలం తట్టుకునే మంచి మిశ్రమ ఉక్కుతో చేసినా, 1.31 అంగుళాల షాఫ్టు మోసేది 5,100 లోపే. అంగుళంన్నర షాఫ్టు 7,600 మోస్తుంది. వ్యాసం 15 శాతం పెరిగితే బలం సగం పెరిగింది, అదే ఘనం మహిమ.

ఫ్యూజు పనిచేయని సందర్భం ఒకటుంది, అది అన్నింటికన్నా ప్రమాదకరం. రెండు బండల మధ్య చక్రం ఇరుక్కుంటే టైరు జారడానికి చోటుండదు. నిమిషానికి 3000 చుట్ల వేగంతో తిరుగుతున్న ఇంజను ఒక్కసారిగా ఆగాల్సి వస్తుంది. ఫ్లైవీలు, క్రాంక్ షాఫ్టు కలిపి జడత్వ భ్రామకం (తిరిగేదాన్ని ఆపడం ఎంత కష్టమో చెప్పే కొలత) 0.2 యూనిట్లనుకుంటే అందులో 9,900 జౌళ్ల శక్తి ఉంది. 100 కిలోల బస్తాను మూడంతస్తులు ఎత్తేంత. అంగుళంన్నర షాఫ్టు ఒక స్ప్రింగు లాంటిది, శాశ్వతంగా వంకర పోకుండా దాదాపు 24 డిగ్రీలు మెలి తిరగగలదు. ఆ మెలికలో అది దాచుకోగలిగేది 1,570 జౌళ్లు. మిగతాది ఇతర షాఫ్టులు, టైర్లు పంచుకోవాలి, లేదంటే ఏదో ఒకటి తెగాలి. ఈ ఆటలో చాలామంది టార్క్ కన్వర్టరున్న ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఇష్టపడటానికి ఇదొక కారణం. లోపలి నూనె జారి ఆ దెబ్బను మెత్తబరుస్తుంది. ఇరుసులో పొట్టి షాఫ్టు పొడుగు దానికంటే బిరుసు కాబట్టి, లాకరు బిగించినప్పుడు ఒకే మెలికకు ఎక్కువ భారం దానిమీదే పడుతుంది.

తెగిన షాఫ్టు ముక్కను చూసి దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టినవాళ్లను నేను చూశాను. ఆ ముక్కే కారణం చెబుతుంది, చదవడం నేర్పాలి అంతే. తరగతిలో ఒక సుద్దముక్కను రెండు చేతులతో మెలితిప్పి చూపించండి, అది 45 డిగ్రీల ఏటవాలుగా మరచుట్టులా విరుగుతుంది. మెత్తటి ఉక్కు అలా విరగదు, అడ్డంగా కోసినట్టు తెగుతుంది. నెలల తరబడి అలసి తెగిన ముక్క మీద ఒడ్డున అలలు వదిలిన గీతల్లాంటి వరుసలు కనిపిస్తాయి. పళ్లు మెలితిరిగి కనిపిస్తే అది ముందస్తు హెచ్చరిక. ఈ నాలుగు సంగతులు చూపించే ఉపాధ్యాయుడు పిల్లలకు సగం పదార్థశాస్త్రం నేర్పినట్టే.

సైనిక ట్రక్కు ఇరుసుల విషయం తేల్చాలి. వాటిలో తెలివైన సంగతి ఒకటుంది: గేరు నిష్పత్తి 6.72. వెనక ఇరుసుకు 8,480 న్యూటన్ మీటర్లు కావాలంటే, 5.38 నిష్పత్తి ఉన్న ఇరుసుతో అయితే దానికి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు 1,576 మోయాలి, 6.72తో 1,262 మోస్తే చాలు. గుణకారాన్ని చక్రానికి ఎంత దగ్గరగా పెడితే దాని వెనకున్న భాగాలన్నీ అంత తేలిక కావచ్చు. చక్రం పక్కనే ఇంకో జత గేర్లు పెట్టే పోర్టల్ ఇరుసుల రహస్యం ఇదే. కానీ 1800 కిలోల బగ్గీకి ఆ ఇరుసులు మితిమీరిన బరువు. అవి తెగవు, నిజమే. అవి తెగనప్పుడు పెరిగిన బరువు తెచ్చే దెబ్బ ట్రాన్స్‌ఫర్ కేసుకో గేర్‌బాక్సుకో చేరుతుంది. వాటిని ఎడారి మధ్యలో విప్పలేరు.

ఆయనకు నేను రాసింది ఇదీ. ముందు ఇరుసును డానా 60కి మార్చండి, 35 పళ్ల మిశ్రమ ఉక్కు షాఫ్టులు వేయండి, అక్కడితో ఆగండి. యూనివర్సల్ జాయింటు మధ్యలోని క్రాస్ ముక్క ముందు, షాఫ్టు తర్వాత, క్రౌన్ పినియన్ చివరన తెగేలా బలాలు ఎంచుకోండి. క్రాస్ ముక్కలు రెండు, షాఫ్టు ఒకటి వెంట పెట్టుకోండి. స్టెప్నీని పంజరం మీద నుంచి దించి వెనక కిందికి మార్చండి. ఇవన్నీ చేసే ముందు, డ్రైవరును సీట్లో కూర్చోబెట్టి నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి చూడండి.

నిన్న ఆయన నుంచి నాలుగు అంకెలు వచ్చాయి. ముందు ఎడమ చక్రం మీద, ముందు కుడి చక్రం కంటే 70 కిలోలు ఎక్కువ ఉన్నాయట. బ్యాటరీ, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించి రెండూ ఎడమ పక్కనే బిగించారు. రెండుసార్లూ తెగింది ఎడమ షాఫ్టే.